బెదరని కుక్కపిల్ల

పిండిమర తాతని ఇంట్లో కట్టెయ్యడానికి కుక్కపిల్లని తెస్తున్నారట. మెడపట్టీ కుక్కకేనట, కట్టు మాత్రం తాతకట. చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ ఇస్త్రీ ఆవిడ కూరగాయలావిడతో అన్న మాట ఇది. నీకెలా తెలుసే అని కూరగాయలావిడ అడిగితే, మర వాళ్ళ కోడలే బట్టలివ్వడానికొచ్చి, ఎవరితోనూ అనొద్దని ఒట్టు పెట్టించుకుని మరీ చెవిలో చెప్పిందట. మర వాళ్ళు చెవిలో చెప్పారంటే వీధి చివర సైకిల్ షాపతను పని ఆపి వింటాడు. అది వేరే సంగతి.

ఆ సమయానికి తాత వీధికి ఇవతల, పిండిమర అరుగు మీద కూచుని జల్లెడ దులుపుకుంటున్నాడు. వినపడేంత దగ్గర కాదు. దగ్గరైనా వినపడే చెవులు కావు. కానీ ఇస్త్రీ ఆవిడ మొహం నిండా ఎండ పడుతోంది, పెదవులు ఒక్కోటీ ఒక్కోటీ కదులుతున్నాయి. తాత జల్లెడ పక్కన పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివేశాడు.

మరలో బతికినవాళ్ళకి వచ్చే విద్య అది. మోటారు తిరుగుతూ, రాళ్ళు గింజని నములుతుంటే పక్కన నిలబడి అరిచినా మాట అందదు. అందుకని మరలో ఎవరూ గొంతు వాడరు. పెదవులు సాగదీసి మాట్లాడతారు, మిగిలింది చేతులతో పూరిస్తారు. ఈ డబ్బా ఎవరిది? సన్నంగానా, బరకగానా? తిన్నావా లేదా? అంతా అలాగే నడుస్తుంది. తీరా బయటికొచ్చాక చెవుల్లో మర ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని దాటించి మాట్లాడుతున్నట్టు అరుస్తారు. అందుకే వీధిలో ఆ ఇంటికి మైకుసెట్టు అని పేరు. నాలుగో క్లాసు చదివే మనవరాలికి ప్రత్యేకంగా బూర అని ఇంకో పేరు. ఇంట్లోవాళ్ళు కూడా దాన్నలాగే పిలుస్తారు.

తాత చెవులు ఒక్కరోజులో పోలేదు. తొట్టిలో గింజ దిగినట్టు, కళ్ళెదుటే, ఎప్పుడు దిగిందో తెలియకుండా దిగిపోయాయి. ఎవరైనా అడిగితే, "చెవిలో పిండి పడింది, రేపు దులుపుకుంటాలే" అనేవాడు. అందరూ నవ్వి ఊరుకునేవాళ్ళు, బెల్టు తెగేదాకా.

ఆ రోజు తాత తొట్టివైపు తిరిగి ఉన్నాడు. వెనకాల బెల్టు అంచు చీలి కొట్టుకుంటోందని కొడుకు చూశాడు. "నాన్నా, జరుగు!" అని అరిచాడు. తాత తిరగలేదు. బెల్టు తెగి, పైకి లేచి, తాత భుజం పక్కనుంచి పోయి గోడకి కొట్టుకుంది. గోడ పెచ్చు ఊడింది. తాత భుజం మీద పిండి కూడా రాలలేదు. ఆయన ఇటు తిరిగి, కిందపడ్డ బెల్టునీ కొడుకు మొహాన్నీ చూసి, "పాతదైపోయిందిరా, మార్చమని చెబుతూనే ఉన్నా" అన్నాడు. కొడుకు మాత్రం వెళ్ళి మోటారు ఆపేశాడు.

అరిచాను, ఆయనకి వినపడలేదు అని ఇంట్లో చెప్పాడు కొడుకు. తను అరిచిన అరుపు తనకే వినపడలేదన్న సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు, పెళ్ళాంతో కూడా.

ఆ రోజు నుంచి మొగుడూ పెళ్ళాం తాతకి వీపు తిప్పి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

"ఇంట్లో ఊరికే కూచోమంటే మీ నాన్న కూచుంటారా? చేతికి ఏదో ఒక పని తగిలించాలి" అంది కోడలు పొయ్యి వైపు తిరిగి.

"ఏం పని తగిలిస్తావు?"

"పసిపిల్లనో, కుక్కపిల్లనో. ఈ వయసులో పసిపిల్లని నేనైతే కనను."

అలా కుక్కపిల్ల ఖాయమైంది. తాతకి చెప్పింది వేరు. "మరకి కాపలా కుక్క కావాలి నాన్నా. పెద్దదయ్యేదాకా ఇంట్లో ఉండి నువ్వే పెంచాలి. మా ఎవరివల్లా అవుతుంది చెప్పు?" అని కొడుకు పెదవులు సాగదీసి చెప్పాడు. తాత సరే అన్నాడు. జీవితంలో ఏ మాటకీ ఒక్కసారిగా సరే అనని మనిషి సరే అనేసరికి కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మరకి సెలవు రోజు చూసుకుని నలుగురూ బయలుదేరారు. పిండి సంచులు మోసే మూడు చక్రాల బండే వాళ్ళ కారు. ముందు కొడుకు, పక్కన కోడలు. వెనకాల ఖాళీ గోతాల మీద తాత, బూర. కోడలు దాచుకున్న చీర కట్టుకుంది, బూరకి ఇస్త్రీ గౌను వేసింది. వెనక చెక్కల మధ్య దాగిన పిండి గతుకు వచ్చినప్పుడల్లా లేచి, వీధి మలుపు తిరిగేసరికే గౌనుని మామూలు గౌను చేసేసింది.

"బూరా, గోతం మీద కాళ్ళు పెట్టకే!" అని కోడలు ముందునుంచి అరిచింది. పక్క బండిలో పోతున్న పెద్దమనిషి ఉలిక్కిపడి తన కాళ్ళు చూసుకున్నాడు.

వెనకాల తాత, మనవరాలు గొంతు లేకుండా మాట్లాడుకుంటున్నారు. ఇంట్లో ఆయనతో అరవకుండా మాట్లాడేది అదొక్కతే. మర గుమ్మంలో పాకుతూ పెరిగింది కాబట్టి మాటలకంటే ముందు పెదవులు వచ్చాయి దానికి.

"తాతా, ఇంక నువ్వు మరకి రావా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అమ్మ వీపు తిప్పి మాట్లాడుతోంది. అంటే నీ గురించే."

తాత రోడ్డు వైపు చూశాడు. ఆయన ఊహ తెలిసినప్పటినుంచీ పొద్దున్నే లేచి మర తలుపు తీయని రోజు లేదు. జ్వరం వచ్చినా ఆ గోడకే ఆనుకుని పడుకునేవాడు. తలుపు ఇంకొకరు తీస్తుంటే మంచం మీద కూచుని చూడటం ఎలాగో ఆయనకి తెలియదు. నేర్చుకోవాలనీ లేదు. ఆ మాట మనవరాలికి ఏం చెబుతాడు?

"కుక్కపిల్లకి ఏం పేరు పెడదాం?" అని అడిగాడు.

"మాట మార్చకు" అంది బూర.

కుక్కపిల్లల ఇల్లు ఒక లైబ్రరీ ఆవిడది. పగలంతా లైబ్రరీలో, మిగతా సమయం ఇంట్లో, ఎక్కడున్నా గొంతు దాచుకుని మాట్లాడే మనిషి. పై అంతస్తులో చెక్క నేల ఇల్లు. గోడలనిండా పుస్తకాలు. గోడ గడియారం కూడా చప్పుడు చేయనిది. గుమ్మంలో తెల్లటి తల్లి కుక్క పడుకుని వాళ్ళని పైనుంచి కిందికి చూసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"ఏవండీ! ఎవరైనా ఉన్నారా అండీ!" అన్నాడు కొడుకు. అతని దృష్టిలో అది మర్యాదగా పిలవడం.

లోపల టపటపా పరుగులు వినిపించాయి. లైబ్రరీ ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని బయటికొచ్చింది. "కాస్త మెల్లిగా. పిల్లలు బెదురుతాయి" అంది. ఆవిడ పెదవులు కదిలీ కదలనట్టు మాట్లాడుతుంది. తాత ఎంత తేరిపార చూసినా ఒక్క ముక్క అందలేదు.

"అయ్యో, మేం మెల్లిగానే మాట్లాడతామండీ!" అంది కోడలు. మంచం కిందికి దూరిన రెండు పిల్లలు ఇంకా లోపలికి పోయాయి.

మొత్తం ఐదు పిల్లలు. రెండు మంచం కింద. ఒకటి పుస్తకాల బీరువా వెనకాల, తోక మాత్రం బయట. ఒకటి ఆవిడ చీర కుచ్చిళ్ళలో దూరి వణుకుతోంది. కొడుకు వంగి, "రా బుజ్జీ, రారా" అని ముద్దుగా పిలిచాడు. బీరువా వెనక తోక కూడా మాయమైంది. బూర మోకాళ్ళ మీద కూచుని చేతులు చాపింది. చేతులనుంచి పిండి రాలి, మంచం కిందున్న పిల్లలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి తుమ్మాయి. కోడలికి నవ్వాగలేదు. ఆ నవ్వుకి తల్లి కుక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మిమ్మల్ని చూసి భయపడుతున్నాయి పాపం" అంది లైబ్రరీ ఆవిడ.

"మమ్మల్ని చూసి కాదండీ, విని" అంది కోడలు నిజాయితీగా.

ఐదోది ఉంది. తెల్లగా, ఒక చెవి మాత్రం గోధుమ రంగులో. గది నడిమధ్య ఆవిడ చెప్పు ముందేసుకుని, ఇంతమంది వచ్చారన్న స్పృహే లేకుండా దాని పట్టీ నములుతోంది. కొడుకు దాని వెనక చేరి చప్పట్లు కొట్టాడు. నమలడం ఆపలేదు. "ఏయ్!" అన్నాడు. ఊహూఁ. బూర నోటి చుట్టూ చేతులు పెట్టి తన పేరు నిలబెట్టుకునేలా ఒక్క కేక వేసింది. లైబ్రరీ ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. పిల్ల చెప్పుని అటునుంచి ఇటు తిప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఇదీ గుండె అంటే!" అన్నాడు కొడుకు పొంగిపోతూ. "ఏమే, చూశావా? మన గొంతులకే బెదరని పిల్ల, మరకి బెదురుతుందా? దొంగలకి బెదురుతుందా?"

"మనింటికోసమే పుట్టినట్టుంది" అంది కోడలు.

తాత గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. చెక్క నేల మీద ఆయన మడమ పడగానే పిల్ల చెప్పు వదిలేసి తలెత్తింది. సూటిగా ఆయన వైపే చూసింది. తాత ఆగాడు. మళ్ళీ ఒకసారి మడమ ఎత్తి మెల్లిగా నేలకి తాకించాడు. పిల్ల తోక ఊగింది. దాని కళ్ళు ఆయన కాళ్ళనుంచి చేతులకీ, చేతులనుంచి నోటికీ ఎక్కి, అక్కడ నిలబడ్డాయి. ఏదో చెబుతాడని ఎదురుచూస్తున్నట్టు.

అలా చూసే చూపు తాతకి కొత్త కాదు. రోజూ అందరి మొహాలనీ తను చూసేది ఆ చూపుతోనే. ఈ పిల్లకీ వినపడే చెవులు లేవు. ఈ నిశ్శబ్దపు ఇంట్లో పిలిచేవాళ్ళే లేక ఎవరికీ తెలియలేదు. అరిచే తనవాళ్ళకేమో అది ధైర్యంలా కనపడింది.

చెబుదామని నోరు తెరిచాడు. చెబితే ఏమవుతుందో కూడా ఆయనకి తెలుసు. అయ్యో పాపం అంటారు. ఒకసారి తల నిమురుతారు. దీన్ని ఇక్కడే వదిలేసి, చెవులున్నదాన్ని పట్టుకుని దిగిపోతారు. అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ ఉండదు. తాత నోరు మూసుకుని నేల మీద కూచున్నాడు. పిల్ల వచ్చి ఆయన బొటనవేలు వాసన చూసి, పిండి నాకి, ఒళ్ళోకి ఎక్కింది.

"ఇదే" అన్నాడు తాత.

లైబ్రరీ ఆవిడ ఒక్క షరతు పెట్టింది. "ఏ కారణంగానైనా మీకు కుదరకపోతే వీధిలో మాత్రం వదలకండి. నా దగ్గరికే తెచ్చివ్వండి."

"మాకు కుదరకపోవడమేమిటండీ!" అన్నాడు కొడుకు. బీరువా అద్దం అదిరింది.

తాత దానికి నూక అని పేరు పెట్టాడు. తెల్లగా, చిన్నగా, జల్లెట్లోనుంచి జారినట్టుందని.

మర్నాటినుంచి తాత ఇంట్లో. మర వీధి వైపు, ఇల్లు దాని వెనకాల, రెంటికీ ఒకటే బండల నేల. పొద్దున్న కొడుకు మోటారు వేయగానే ఆ అదురు బండల్లోంచి వచ్చి తాత మంచం కోళ్ళలోకి ఎక్కింది. తాత మంచం దిగి, కింద చాప పరుచుకుని, దాన్ని కూడా పక్కకి లాగేసి, వట్టి బండ మీద అరచెయ్యి ఆనించి పడుకున్నాడు. నూక వచ్చి ఆయన పక్కన పొట్ట నేలకి ఆనించి పడుకుంది. మొదట గట్టి గింజ పడింది. తర్వాత మెత్తటిది. ఎవరిదో పెద్ద డబ్బా అయిపోయింది, అదురు ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆగినప్పుడల్లా నూక తలెత్తి తాత మొహం చూసేది. "డబ్బా మారుస్తున్నాడు" అని తాత పెదవులతో చెప్పేవాడు. నూక తల దించేది.

కోడలు గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయింది. "మామయ్య బాగానే అలవాటు పడ్డారు" అని మొగుడితో చెప్పింది. చెబుతున్నప్పుడు వీపు తిప్పడం మర్చిపోలేదు గానీ, గొంతులో ఎప్పుడూ ఉండే జోరు లేదు. మామయ్య తినే రొట్టె కంచంలో సగం మిగులుతోందని ఆవిడకి తెలుసు. కడిగేది ఆవిడే.

బూర బడినుంచి రాగానే నూకతో ఆడేది. అరవడం మానేసింది. ఎదురుగా కూచుని పెదవులతో, చేతులతో రా, పో, కూచో అనేది. నూక వచ్చేది, పోయేది, కూచునేది. "దీనికి ఒంట్లో బాలేదా, నోరు మూసుకుంది?" అని కోడలు బూర నుదురు తాకి చూసింది.

ఒక మధ్యాహ్నం కోడలు అటక మీదనుంచి పెద్ద గిన్నె దించుతుంటే మూత జారింది. ఇత్తడి మూత. బండ మీద పడి, గిరగిరా తిరిగి, గోడకి తగిలి, ఇంకా తిరిగింది. ఎదురుగా ఇస్త్రీ ఆవిడ పెట్టె వదిలేసి, "ఏమైంది?" అని రోడ్డు మీదికొచ్చింది. అంతసేపూ నూక మెత్తటి దుప్పటి మీద వెల్లకిలా పడి నిద్రపోతూనే ఉంది.

కోడలు దాని తల దగ్గరికెళ్ళి చిటిక వేసింది. మూత తీసి గరిటెతో కొట్టింది. పేరు పెట్టి పిలిచింది. అది మామూలు పిలుపు కాదు, సైకిల్ షాపతను తనని కాదు కదా అని తొంగి చూశాడు. నూక కల్లో ఏదో నములుతోంది.

"అయ్యో తల్లీ" అని కోడలు కూలబడిపోయింది. ఒకచెయ్యి నోటి మీద, ఒకచెయ్యి దాని గోధుమ చెవి మీద.

ఆ చెయ్యి కింద నూక ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది. కోడలిని చూడలేదు. లేచి నేల వాసన చూసింది. నడవాలో బండ మీద పడుకున్న తాత కూడా అప్పుడే లేచి కూచున్నాడు. అదురు మారింది. మెత్తగా రావాల్సింది గరగరా, పొడి పొడిగా వస్తోంది. తొట్టిలో గింజ అయిపోయి రాయీ రాయీ రాసుకుంటే అలా వస్తుంది. కాసేపు వదిలేస్తే రాళ్ళు కాలిపోతాయి. తాత మర వైపు నడిచాడు. ముందు నూక, వెనక తాత.

మరలో ఎవరూ లేరు. కొడుకు అరుగు మీద ఎవరికో సంచి తల మీదికి ఎత్తుతూ మాట్లాడుతున్నాడు. తాత వెళ్ళి మోటారు ఆపేశాడు.

వీధి మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. కొడుకు పరుగెత్తుకొచ్చాడు. "ఎందుకాపావు నాన్నా?"

తాత తొట్టి వైపు చూపించాడు. ఖాళీ. కొడుకు రాతిని కప్పిన ఇనప డొప్పకి అరచెయ్యి ఆనించి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. కాలిన వాసన వస్తోంది. "గింజ చూసుకోలేదు" అని గొణిగాడు. తర్వాత మొహం ఎత్తి, "నీకెలా తెలిసింది? నువ్వు లోపలున్నావుగా" అన్నాడు.

తాత పాదం ఎత్తి, అరికాలు చూపించి, మళ్ళీ నేల మీద పెట్టాడు.

అంతలో కోడలు వచ్చింది. బడినుంచి అప్పుడే వచ్చిన బూర సంచీతో సహా వెనకాలే వచ్చింది.

"ఏవండీ, దీనికి చెవుడండీ! పుట్టు చెవుడు! మనం ఎంత అరిచినా బెదరలేదంటే ధైర్యమనుకున్నాం, దానికసలు వినపడితేగా!" అంది కోడలు. ఎదురుగా ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి మరీ నిలబడింది.

కొడుకు నూకని చూశాడు. అది తాత పాదం మీద కూచుని, మాట్లాడుతున్నవాళ్ళ నోళ్ళని ఒక్కోటిగా చూస్తోంది.

"నాకు ముందే తెలుసు" అంది బూర.

"మరి చెప్పలేదేమే?"

"చెబితే తిరిగిచ్చేస్తారుగా."

కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆవిడ తీసుకుంటానంది కదండీ. దీన్నేమీ రోడ్డు మీద వదలడం లేదు. ఆ బీరువా వెనక దూరిందే, దాన్ని తెచ్చుకుందాం. పిరికిదైనా కాస్త..." అని ఆపేసింది. కాస్త అన్నాక రావాల్సిన మాట మామయ్య ముందు అనలేకపోయింది.

కొడుకు కూచుని నూక తల నిమిరాడు. పెళ్ళానికీ తండ్రికీ మధ్య ఇరుక్కుపోయినట్టున్నాడు. చివరికి తండ్రి వైపు తిరిగి, పెదవులు సాగదీసి, ఒక్కో మాటా విడివిడిగా అన్నాడు.

"నాకూ ఇష్టంగానే ఉంది నాన్నా. కానీ మనం తెచ్చింది కాపలాకి. చెవులు వినపడనిది మర దగ్గర ఎందుకు పనికొస్తుంది? నువ్వే చెప్పు."

తాత వంగి నూకని ఎత్తుకున్నాడు. కొత్త బెల్టు వైపు ఒకసారి, పెచ్చూడిన గోడ వైపు ఒకసారి, తర్వాత కొడుకు వైపు చూశాడు.

"మర దగ్గర వినడానికేముందిరా?" అన్నాడు.